నాలుగో పేరు

రాజాంలో మూతపడిన మా బియ్యం మిల్లు గదిలో నా మనవరాలు సుహాసిని కంప్యూటర్లు పెట్టింది. చుట్టుపక్కల ఆసుపత్రుల మందుల చీటీలన్నీ వాటిలో నడవాలట. తను సొంతంగా పట్టిన మొదటి పని. మర్నాడు పెద్ద డాక్టరు చూడ్డానికి వస్తాడు. ఆగిందంటే పని ఇంకొకరికి పోతుంది.

"ముందు ఆలోసించుకోవాల మామ్మా. ఎన్ని పెట్టెలు, ఏది పెత్తనం సేస్తాది, ఏది కూలి సేస్తాది."

అరవయ్యేళ్లకు అక్షరాలు నేర్చినదాన్ని, కాగితం మీద నేనే రాశాను. పెత్తనానికి మూడు, ప్రస్తుతానికి కూలీ వాటిదే. ఒకటి పడిపోయినా రెండు మాట కలుపుకుంటాయి.

"నాలుగు పెడితే ఏటి?" అన్నాను.

"ఇద్దరిటు, ఇద్దరటు. పని నిలిసిపోతాది."

పెట్టెలకు పేర్లు కావాలంది. మా ఇళ్లలో పుట్టిన బిడ్డకు పోయినవాళ్ల పేరు పెడతాం. మావ పేరు, అత్త పేరు చెప్పాను. మా ఆయన పేరు నోటితో అనను కనుక రాసి చూపించాను. మిల్లులో చేటతో చెరిగే తోటికోడలు జగ్గమ్మ ఊసెత్తలేదు. ఈ గది వెనక ఊక గుంటలోనే ఊపిరాడక పోయింది. అలా పోయినవాళ్ల పేరు ఎవరూ పెట్టరు.

మధ్యాహ్నం ముసురు పట్టింది. పెట్టెలు సన్నగా రొద చేస్తున్నాయి, తెర మీద చీటీలు నడుస్తున్నాయి. కడిగిన గదిలో తడి ఊక వాసన. ఎక్కడో చేటతో చెరుగుతున్న చప్పుడు...

"మామ్మా," పిల్ల గొంతు తగ్గించింది. "మూడే కదా కలిపినాం?"

తెర మీద నాలుగు పేర్లు. నాలుగోది... జగ్గమ్మ.

తీసేసింది. మళ్లీ వచ్చింది. తీసేసింది... వచ్చింది. చేట చప్పుడు నా వీపు వెనకే. ఇద్దరిటు, ఇద్దరటు... చీటీలు నిలిచిపోయాయి.

"ఎల్లిపోదామా?"

"ఎందుకే? గది మనది. పని నీది."

లేచి నిలబడ్డాను. చప్పుడు వైపు తిరిగాను.

"జగ్గీ, బతికున్నన్నాళ్లూ పొయ్యికాడ నా మీద పెత్తనం సేసినావు. ఊరుకున్నాను. ఈ పిల్ల మీద సెయ్యనివ్వను. ఉంటావా, ఉండు. కూలి సెయ్యి. మాట ముగ్గురిదే."

సుహాసిని ఆ పేరును కూలి వరసలోకి దించింది. చేట ఆగింది. చీటీలు కదిలాయి.

అంతలో కరెంటు పోయింది. మూడు పెట్టెలూ ఆరిపోయాయి. నెట్టు డబ్బా దీపమూ ఆరింది. పిల్ల ఒళ్లోని ల్యాప్‌టాప్ ఒక్కటే వెలుగుతోంది.

మూడు పేర్లు ఎర్రబడ్డాయి. నాలుగోది పచ్చగా ఉంది. చీటీలన్నీ ఒక్కొక్కటే దాని కిందకు చేరుతున్నాయి...

ఒక్కటీ ఆగలేదు.