సాండ్‌బాక్స్ బయట సంధ్యారాణి

రామగుండం స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద ఆ ఉదయం దొరికిన శవం జేబులో ఒక ఫోను ఉంది. అందులో ఒకే ఒక్క మెసేజ్: "సెకండ్ షిఫ్ట్ మొత్తం దిగాక ఫ్యాన్ ఆపండి."

చచ్చినవాడు బ్లాక్ లిల్లీ అనే విదేశీ ముఠాకు కొరియర్. పని అయిపోయాక వాణ్ణి వాళ్లే లేపేశారు. కరివేపాకు బతుకంటే అదే.

ఏజెంట్ జైపాల్ గోదావరిఖని చౌరస్తాలో చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ వేషం. కళ్లజోడు ఫ్రేములో కెమెరా, చెవిలో బియ్యపుగింజంత ఇయర్‌ఫోన్. పక్కకు ఒకామె వచ్చి నిలబడింది. నెత్తిన తెల్ల హెల్మెట్, కాళ్లకు గని బూట్లు, పెదాలకు మాత్రం ఎర్రటి లిప్‌స్టిక్.

"చాయ్‌లో అల్లం ఎక్కువైంది," అంది.

"ఇక్కడి దుమ్ము కన్నా నయమే," అన్నాడు జైపాల్. కోడ్ సరిపోయింది. సరిపోకపోయినా ఫర్వాలేదు. సంధ్యారాణిని అతను చీకట్లో అడుగుల చప్పుడును బట్టే గుర్తుపడతాడు.

బ్యాంకాక్‌లో ఒకసారి తనకు తగలాల్సిన తూటాను ఆమె భుజం మీద తీసుకుంది. అప్పటినుంచి అతనికి ఆమె మాటే వేదం. ఈ మిషన్ అయ్యాక పెళ్లి చేసుకుందామని అడిగాడు కూడా. ఆమె నవ్వింది, కాదనలేదు. బావ కిషన్‌కు అప్పుడే చెప్పేశాడు.

ఆ కిషన్‌కు ఇవాళ గనిలో సెకండ్ షిఫ్టే.

"సారక్క ఇంక్లైన్ బొగ్గుగని," ఇద్దరి చెవుల్లోనూ చీఫ్ గొంతు. "లోపలికి గాలి పంపే ఫ్యాన్‌ను ఒక కంప్యూటర్ నుంచి నడుపుతారు. అందులోని బ్రౌజర్‌లోకి శత్రువు దూరాడు. ఫ్యాన్ ఆగుతుంది, స్క్రీన్ మీద మాత్రం తిరుగుతున్నట్టే కనబడుతుంది. గ్యాస్ పెరుగుతున్నా ఎవరూ బయటికి రారు. ఒక్క నిప్పురవ్వ చాలు."

"కంప్యూటర్ ఆపేస్తే?"

"అసలు గ్యాస్ రీడింగులూ పోతాయి. నడుస్తున్న ప్రాసెస్‌లలో దొంగది ఏదో కనిపెట్టి దాన్నొక్కదాన్నే తియ్యాలి."

"నేను పొద్దున్నే సేఫ్టీ ఆడిటర్‌గా వెళ్లి చూసొచ్చాను," అంది సంధ్యారాణి. "ప్రతి ప్రాసెస్ సాండ్‌బాక్స్‌లోనే ఉంది. ఆ కంప్యూటర్ క్లీన్. మనం వెతకాల్సింది బసంత్‌నగర్‌లోని సర్వర్. నువ్వు అటు వెళ్లు, నేను ఇక్కడ చూసుకుంటాను."

జైపాల్ తన మోటార్‌బండి ఎక్కాడు. బసంత్‌నగర్ దారి పట్టాడు కూడా. కానీ దారిలో సెకండ్ షిఫ్టు బస్సు ఎదురైంది. కిటికీలోంచి కిషన్ చెయ్యి ఊపాడు. ఎందుకో మనసొప్పలేదు. ఒక్కసారి తన కళ్లతో చూసి వెళితే పోయేదేముంది? బండి తిప్పాడు. గని చేరేసరికి సెకండ్ షిఫ్టు లోపలికి దిగుతోంది.

ఫ్యాన్ కంట్రోల్ రూములో మల్లక్క కూర్చుని ఉంది. భర్త పోయాక వచ్చిన ఉద్యోగం ఆమెది. గోడ అవతల ఫ్యాన్ హోరు.

"కంప్యూటర్ చూడాలె అక్కా."

"చూడు తమ్మీ. గాని బంద్ జెయ్యకు."

బ్రౌజర్ పైకి ఒక్కటే కిటికీ. లోపల ఒక్కో పేజీకీ ఒక్కో ప్రాసెస్. ముక్కూమొహం తెలియనివాడొస్తే అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడతాం కదా, ఇంటర్నెట్ నుంచి వచ్చిన పేజీని సాండ్‌బాక్స్ అలా అరుగు మీదే ఆపుతుంది. అది తీసేస్తే వచ్చినవాడు తిన్నగా వంటింట్లోకి వెళ్తాడు. ఎవరు ఎక్కడున్నారో చూపించే పేజీ బ్రౌజర్‌లోనే ఉంటుంది. జైపాల్ దాన్ని తెరిచాడు. పేజీల ప్రాసెస్‌లన్నీ సాండ్‌బాక్స్‌లోనే ఉన్నాయి. సంధ్యారాణి చెప్పింది నిజమే.

ఊపిరి పీల్చుకుని లేవబోతూ స్క్రీన్ అడుగున పట్టీ చూశాడు. విడిగా తెరిచి, మడిచిపెట్టిన ఇంకో బ్రౌజర్ ఉంది. తెరిస్తే వాతావరణం పేజీ. ఎండ, వాన, గాలి. అందులోనూ అదే పరీక్ష చేశాడు.

సాండ్‌బాక్స్: లేదు.

టాస్క్ మేనేజర్ తెరిచి, ఆ ప్రాసెస్‌ను మొదలుపెట్టింది ఎవరి లాగిన్‌తోనో చూశాడు. ఆడిటర్ లాగిన్. పేరు సంధ్యారాణి.

"అక్కా, గీ వాతావరణం ఎవలు వెట్టిన్రు?"

"ఆ లిప్‌స్టిక్ మేడం. బోనాలప్పుడు వచ్చి పెట్టింది."

"అప్పటిసంది ఎవ్వలు బంద్ జెయ్యలేదా?"

"ఎట్ల జేస్తం తమ్మీ? నడిచేది నడిచినట్టే రిలీవర్‌కు అప్పజెప్పాలె. మా తాన గదే రివాజు."

షిఫ్టు తరవాత షిఫ్టు, చేతులు మారుతూ, దొంగ ప్రాసెస్ అన్నాళ్లూ బతికే ఉంది. మొదటి బ్రౌజర్ గురించి ఆమె చెప్పింది నిజమే. రెండోదాని సంగతి చెప్పలేదంతే. కన్నవాళ్లనైనా అనుమానించే ఉద్యోగంలో ఉండి ఒక్క మనిషిని నమ్మాడు. ఆ ఒక్కతే గొంతు కోసింది.

"బసంత్‌నగర్ అప్పుడే వెళ్లొచ్చావా?"

గుమ్మంలో సంధ్యారాణి. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు.

"మౌస్ వదులు జైపాల్. మల్లక్కా, మీ డ్యూటీ అయిపోయింది. ఇంటికెళ్లండి."

"రిలీవర్ రాలే మేడం," అంది మల్లక్క. పిస్తోలు చూసినా కుర్చీలోంచి కదలలేదు. "సీటు ఎట్ల ఇడుస్త?"

"బ్యాంకాక్‌లో తూటా?" అడిగాడు జైపాల్.

"మావాళ్లే కాల్చారు. నువ్వు నమ్మాలి కదా."

"పెళ్లి?"

ఆమె ఒక్క క్షణం కళ్లు దించింది. "నిన్ను బసంత్‌నగర్ పంపించాను. బతుకుతావనే పంపించాను."

అప్పుడే గోడ అవతల హోరు తగ్గింది. తగ్గి తగ్గి ఆగిపోయింది. స్క్రీన్ మీద ఫ్యాన్ బొమ్మ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది.

"అయ్యో! లోపట మనుషులున్నరు!" మల్లక్క గోడ మీది స్టార్ట్ బటన్ వైపు ఉరికింది. ఫ్యాన్ గుర్రుమని లేచి, మళ్లీ చతికిలబడింది. దొంగ ప్రాసెస్ లోపలినుంచి ఆపేస్తోంది.

పిస్తోలు మల్లక్క వైపు తిరిగింది. మల్లక్క చేతికందిన టిఫిన్ డబ్బా విసిరింది. చారు, అన్నం, స్టీలు గిన్నెలు అన్నీ కలిసి సంధ్యారాణి మొహాన పడ్డాయి. తూటా కప్పుకు తగిలింది. జైపాల్ ఒక చేత్తో ఆమె మణికట్టు విరిచి పట్టుకుని, రెండో చేత్తో సాండ్‌బాక్స్ లేని ప్రాసెస్ మీద నొక్కాడు. ఎండ్ టాస్క్.

వాతావరణం పేజీ మాయమైంది. గ్యాస్ అసలు రీడింగు ఎర్రగా బయటపడింది, ప్రమాదం గీతకు వెంట్రుకవాసిలో.

"ఇప్పుడు నొక్కక్కా!"

ఫ్యాన్ లేచింది. ఈసారి ఆగలేదు. ఎర్ర అంకె మెల్లగా దిగింది. మల్లక్క కూలబడి చీర కొంగుతో మొహం కప్పుకుంది.

సంధ్యారాణిని జీపు ఎక్కించాక చీఫ్ చెవిలో అన్నాడు. "గుడ్ వర్క్. ఆమె మీద మాకు ఏడాదిగా అనుమానమే. అందుకే నీకు జోడీగా వేశాం."

జైపాల్ నిలబడిపోయాడు. "నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెబితే నీ మొహం దాచదయ్యా. అప్పుడు ఆమె దొరకదు."

"మా బావ లోపల ఉన్నాడు సార్."

జైపాల్ ఇయర్‌ఫోన్ పీకి, బొగ్గు దుమ్ములో పడేసి బూటుతో నలిపాడు. తూటాతో నమ్మించింది ఆమె, ఎరగా వాడింది చీఫ్. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మోసం చేశారో తేల్చుకోలేకపోయాడు.

ముందు జాగ్రత్తగా షిఫ్టు మొత్తాన్ని పైకి రప్పించారు. నల్లటి మొహాలతో మనుషులు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఆ గుంపులో కిషన్ పళ్లు తెల్లగా మెరిశాయి. జైపాల్ వెళ్లి గట్టిగా కౌగిలించుకున్నాడు.

"ఏంది బామ్మర్దీ, అంగీ ఖరాబైతది! అవునుగని, పెండ్లి జేసుకుంటనన్న పిల్ల ఏది?"

"కుదరలే బావా."

"ఏ, ఏమైంది?"

"నిన్ను సంపుదామని చూసింది."

కిషన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "గంతేనా? మీ అక్క రోజూ చూస్తది. కాపురం జేస్తలేనా?"