ఎర్ర దారం కట్టని చైను

తలుపు తోసుకుని లోపలికి వచ్చినావిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని కాగితప్పొట్లాన్ని బల్లమీద పెట్టి, అదేదో కరుస్తుందన్నట్టు ఒకడుగు వెనక్కి వేసింది.

"దీన్ని చూసి నిజం చెప్పండి బాబుగారూ. తప్పు నాదే అయితే ఈ పూటే కొట్టు మూసేస్తాను."

మోటారు రంపం ఉన్న ప్రతివాళ్ళకీ ఆవిడ సానక్క. రంపాల చైన్లు శుభ్రం చేసి, పళ్ళకి పదును పెట్టడం పదిహేనేళ్ళుగా ఆవిడ బతుకుతెరువు. పొట్లంలో ఉన్నది చెట్లు కోసే మేస్త్రి చైను. మొన్న సాయంత్రం పదును పెట్టి ఇచ్చింది. నిన్న పొద్దున్న, బడి గోడమీదికి వాలిన మానుకి ఆనించీ ఆనించగానే రంపం ఎగిరి వెనక్కి తన్నింది. మేస్త్రి ముంజేతికి పదకొండు కుట్లు పడ్డాయి. ఆయన బావమరిది ఆ చైను తెచ్చి సానక్క గడపలో విసిరికొట్టి, వీధి వీధంతా వినేలా తిట్టిపోశాడు. సాయంత్రానికల్లా రంపాలవాళ్ళందరూ తమ చైన్లు తిరిగి పట్టుకుపోయారు.

"ఆయనకి ప్రాణం మీదికి వచ్చేది. నా చెయ్యే దారి తప్పిందేమో," అని ఆవిడ తన అరచేతులకేసి చూసుకుంది.

ఆవిడ వెతుక్కుంటూ వచ్చిన ఈ డిటెక్టివ్‌ని అందరూ భూతద్దంగారు అంటారు. ఆ అద్దం కోసమే ఆయన సొరుగులన్నీ గాలిస్తున్నారు. టీచరమ్మ దాన్ని ఆయన టీ కప్పు కిందనుంచి తీసి ఇచ్చింది. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఆయన దగ్గర సహాయకురాలిగా చేరిందావిడ. ఆయన తెలివంటే ఆవిడకి ఎంత గౌరవమో, ఆయన మతిమరుపంటే అంత ఒళ్ళుమంట.

ముగ్గురూ కొట్టుకి వెళ్ళారు. చిన్న గది, కిరసనాయిలు పళ్ళెం, బ్రష్షు, చైను కదలకుండా పట్టి ఉంచడానికి బల్లకి బిగించిన వైసు, వరసగా ఇనుము అరగదీసే ఆకురాళ్ళు. చైన్లు తగిలించే కొక్కేలన్నీ ఖాళీగా ఉన్నాయి.

"నాకేమీ తెలియదనుకుని చెప్పమ్మా," అన్నారు భూతద్దంగారు.

సానక్క చెప్పింది. ముందు చైనుని కిరసనాయిల్లో నానబెట్టి, పట్టిన జిగురంతా బ్రష్షుతో వదలగొట్టాలి. పొడిగా తుడిచి వైసులో బిగించాలి. మొదలుపెట్టే పంటి పక్కన ఎర్ర దారం కట్టాలి. గుండ్రటి ఆకురాయితో ప్రతి పంటికీ లెక్కగా మూడేసి తోపులు. దారం మళ్ళీ కనపడిందంటే చుట్టు పూర్తయినట్టే. దారం విప్పేసి, చివరికి నూనెలో ముంచి, పొట్లం కట్టి ఇవ్వాలి.

"పంటి ముందున్న ఈ బుడిపె ఏమిటి?"

"అది ముక్కండీ. పన్ను ఎంత లోతుగా కొరకాలో అదే చెబుతుంది. చదును ఆకురాయితో ఎప్పుడో ఒకసారి కొంచెం తగ్గిస్తాం. మరీ తగ్గితే రంపం చెక్కని పట్టేసి ఎగురుతుంది. ఈసారి నేను వాటి జోలికే పోలేదు."

"నూనెలో ముంచాక మళ్ళీ ఆకురాయి పెడతావా?"

"అయ్యో, ఎవరైనా పెడతారా! జిడ్డంటిన ఆకురాయి జారుతుందే గానీ కోయదు."

టీచరమ్మ పెన్సిలు పట్టుకుని ముక్కులు లెక్కపెట్టింది. మొత్తం ముప్పయ్యారు. అన్నీ కొత్తగా అరిగి మెరుస్తున్నాయి. పక్కపక్కనే ఉన్న అయిదు మాత్రం తక్కినవాటికంటే బాగా కిందికి ఉన్నాయి. ఆవిడ ఆ మాట చెబితే భూతద్దంగారు తలూపి, లోపలికి వచ్చినా మూయడం మరిచిపోయిన తన గొడుగుని మూసి, మళ్ళీ తెరిచి బయల్దేరారు.

పక్క వీధిలో మిషను మీద సాన పట్టేవాడు ఒకడున్నాడు. సానక్కకి పోటీ వాడే. చైను చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"మా చక్రం తగిలితే ఇనుము నీలంగా కమిలిపోద్దండి. ఇది తెల్లగా ఉంది. చేత్తో ఆకురాయి పెట్టి రాసిందే. అయినా సానక్కకి పని రాదన్నవాణ్ణి నా ముందుకి రమ్మనండి. నా సొంత రంపం చైను ఆవిడకే ఇస్తా. బయట అనకండేం!"

మేస్త్రి ఇంటి వరండాలో బావమరిది గొడ్డలికి పదును పెడుతున్నాడు. చదును ఆకురాయి మాటిమాటికీ జారుతోంటే విసుక్కుంటున్నాడు. భూతద్దంగారు దాన్ని అడిగి తీసుకుని, బొటనవేలితో రాసి, ఆ వేలు టీచరమ్మకి చూపించారు. నల్లటి జిడ్డు.

"పొట్లం విప్పి చైను ఎక్కించింది ఎవరు?"

"మా బావమరిదే. నేనెప్పుడూ ముట్టుకోను," అన్నాడు మేస్త్రి, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

మర్నాడు పొద్దున్న భూతద్దంగారు పిలిపిస్తే అందరూ సానక్క కొట్లోకి వచ్చారు. మేస్త్రి, ఆయన భార్య, బావమరిది, మిషనువాడు, గుమ్మం బయట రంపాలవాళ్ళు. సానక్క తాళంకప్ప చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఎర్ర దారం కట్టే మనిషి చుట్టు పూర్తికాగానే ఆగుతుంది," అని భూతద్దంగారు మొదలుపెట్టారు. "ఈ చైను మీద ముక్కులు రాసినవాడు దారం కట్టలేదు. ఎక్కడ మొదలెట్టాడో తెలియక, చుట్టు దాటి అయిదింటిని రెండోసారి రాశాడు. రంపాన్ని ఎగరగొట్టింది ఆ అయిదే. పైగా నూనె పట్టించాక రాశాడు. ఆ జిడ్డు వాడి ఆకురాయిలో ఇంకా ఉంది. నిన్న అది గొడ్డలి మీద జారడం నేను చూశాను."

అందరి కళ్ళూ ఒక్కడి మీదికే తిరిగాయి. బావమరిది తల వంచుకున్నాడు.

"ఆ మానుని ఒక్కపూటలో పడగొట్టాలని బావ అన్నాడు. ముక్కులు తగ్గిస్తే బాగా కొరుకుద్దని ఎవరో చెప్పారు. బావ మెచ్చుకుంటాడనుకున్నా. రక్తం చూశాక నోరు పెగల్లేదు."

"నిజం చెప్పడానికి పెగలని నోరు, ఆవిణ్ణి వీధిలో తిట్టడానికి ఎలా పెగిలిందిరా?" అంది మేస్త్రి భార్య. వాడి అక్క ఆవిడ.

వాడు ఏడ్చేశాడు. మేస్త్రి లేచి సానక్క దగ్గరికి వెళ్ళి, మంచి చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"పదిహేనేళ్ళుగా రంపం పట్టుకుని చెట్లెక్కుతున్నానక్కా. రోజూ పది వేళ్ళతో ఇంటికొచ్చానంటే నీ చేతి చలవే. ఒక్కనాడూ నీతో ఆ మాట అనలేదు. మొన్న దెబ్బ తగిలితే మాత్రం నిన్నే అనుమానించాను. నన్ను క్షమించు."

మిషనువాడు అందరూ చూస్తుండగానే తన చైను తెచ్చి మొదటి కొక్కేనికి తగిలించాడు. తక్కినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వెనకాలే వచ్చారు. భూతద్దంగారు అద్దాన్ని తుడిచిందే తుడుస్తున్నారు. తడి ఉన్నది అద్దంలో కాదని టీచరమ్మకి తెలుసు. ఇలాంటి మనిషి పక్కన పనిచేయడం తన అదృష్టమనిపించింది ఆవిడకి.

సానక్క తాళంకప్పని సొరుగులో పడేసి, బల్లమీది చైను తీసి బావమరిదికి ఇచ్చింది.

"ఇది ఇక రంపానికి పనికిరాదు. నేర్చుకోవడానికి పనికొస్తుంది. రా."

వాడు కళ్ళు తుడుచుకుని, గబగబా ఎర్ర దారం ఉండ అందుకోబోయాడు. సానక్క ఆ చేతి మీద ఒక్కటి వేసి, కిరసనాయిలు పళ్ళెం వాడి ముందుకి జరిపింది.

"ముందు కడుగు."