ఇంకొక్క బ్యాచ్

"మీ కంప్యూటర్ ఎప్పుడైనా మాత్ర మింగిందా అండీ?"

మందుల కంపెనీ కోటింగ్ ల్యాబ్ గుమ్మంలో ఆ అమ్మాయి అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. చంకలో ల్యాప్‌టాప్, జుట్టులోంచి కారుతున్న వాన నీళ్లతో నిలబడ్డాడు కుర్రాడు.

"మింగలేదండీ. మింగితే ఏమవుతుందో మాత్రం చెప్తుంది."

"అబ్బో! వాతావరణం వాళ్లూ ఇంతే ధీమాగా చెప్తారు. ఇవాళ ఎండ కాస్తుందన్నారు."

అని తడిసిన అతని తలకేసి చూసి ఫక్కున నవ్వింది. ఆ నవ్వే అతని కొంప ముంచింది.

వాళ్లు చేస్తున్న మందు పెద్దపేగులో పుళ్లు పడ్డవాళ్ల కోసం. మాత్ర కడుపులో కరగకూడదు, చిన్నపేగులోనూ కరగకూడదు. పెద్దపేగుకి చేరాకే పైపూత విడిపోయి మందు వదలాలి. పూత పల్చనైతే మందంతా దారిలోనే అయిపోతుంది, మరీ మందమైతే మాత్ర మింగినట్టే బయటికి పోతుంది. ఎంత పూతకి ఎక్కడ ఎంత మందు వదులుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే మోడల్ అతనిది. మాత్రలకి పూత పూసి, గాజు జాడీల్లో కరిగించి, వచ్చిన అంకెలు అతనికివ్వడం ఆమె పని. అందరూ ఆమెని కోటింగ్ మేడమ్ అనేవాళ్లు. ఆమె అతనికి గ్రాఫుల బాబు అని పేరు పెట్టింది.

అంకెలు మెయిల్లో తెప్పించుకోవచ్చు. గ్రాఫుల బాబు మాత్రం రోజూ మెట్లు దిగి వచ్చేవాడు.

"మళ్లీ వచ్చారా? గ్రాఫులో గీత కలవలేదా?"

"కొంచెం తేడా కొడుతోందండీ. ఇంకొక్క బ్యాచ్ చేస్తే..."

"నిన్నా ఇదే మాట! మీ మోడల్‌కి ఆకలెక్కువ."

"వడ్డించే చెయ్యి అలాంటిది."

"కవిత్వం ఆపి అటు జరగండి. పూత పూసే పాన్ కాలుతోంది."

మాస్కు వెనక నవ్వు దాచుకునేది. కళ్లు దాచుకోవడం చేతకాలేదు.

నిజానికి గీత ఎప్పుడో కలిసింది. కంప్యూటర్ గీసిన గీత ఆమె అంకెల మీద అతికించినట్టు కూర్చుంది. ఆ మాట చెప్పేస్తే మందు మనుషుల మీద ట్రయల్స్‌కి పోతుంది, కింద అంతస్తులో పని అయిపోతుంది, ఆమె ఇంకో మందు మీదికి, ఇంకో భవనానికి వెళ్లిపోతుంది. రేపు చెప్దాంలే అనుకున్నాడు. ఇష్టమని చెప్పడానికి నోరు రాక, మందు తయారైందన్న మాట కూడా నోట్లోనే ఉంచుకున్నాడు పిరికివాడు.

చివరికి పైవాళ్లకి విసుగొచ్చింది. ఎన్ని బ్యాచ్‌లు చేసినా మోడల్ కుదరని ప్రాజెక్టు మనకెందుకని మూసేశారు. కోటింగ్ ల్యాబ్‌లో అందరి ఉద్యోగాలూ పోయాయి.

అతను పరిగెత్తుకుంటూ కిందికి వచ్చేసరికి ఆమె అలమర ఖాళీ చేస్తోంది. ముఖం ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉంది.

"ఉద్యోగానికేం, ఇంకోటి దొరుకుతుంది. మా నాన్నకి ఈ జబ్బేనండీ. వేరే మందులేవీ పనిచెయ్యట్లేదు. ట్రయల్స్ మొదలవగానే ఆయన్ని చేర్పిద్దామనుకున్నా. ఇప్పుడు పేగు తీసెయ్యాలంటున్నారు డాక్టర్లు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్తే నా అంకెల్ని ఎవరు నమ్ముతారు? నాన్న కోసం దిద్దిందంటారు."

నోరు మూసుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కానీ ఆ ముఖం చూస్తూ మూసుకోలేకపోయాడు.

"మోడల్ కుదిరిందండీ. ఎప్పుడో కుదిరింది. మిమ్మల్ని రోజూ చూడొచ్చని..."

ఆమె అలమర తలుపు దబ్బున మూసింది.

"ఇష్టమని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదిగా! నేనూ దానికోసమే కదా ఎదురుచూసింది. కాఫీకి రమ్మనలేకపోయావా? నీ ప్రేమకి మా నాన్న పేగు కావాల్సొచ్చిందా?"

ఆ సాయంత్రమే డైరెక్టర్ దగ్గర తప్పు ఒప్పుకున్నాడు. ఉద్యోగం ఊడింది. డబ్బునీ మిషన్లనీ అప్పటికే వేరే మందుకి మార్చేశారు. ఇప్పుడు చెప్పి ఏం లాభమయ్యా అన్నాడాయన.

ఆపరేషన్‌కి ముందు రోజు ఆమె ఫోన్ చేసింది.

"ఆస్పత్రికి రా. మందు ఎందుకు ఆగిపోయిందని నాన్న అడుగుతున్నారు. చెప్పడం నా వల్ల కావట్లేదు. నువ్వే చెప్పు."

వెళ్లాడు. మంచానికి అతుక్కుపోయిన ఆ పెద్దాయన ముందు నిలబడి ఏదీ దాచకుండా చెప్పాడు.

"ఎంత పని చేశావు బాబూ," అన్నారాయన. తర్వాత కూతురి వైపు తిరిగారు. "వీడంటే నీకింకా ఇష్టమేనా అమ్మా?"

ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

"ఇష్టమే నాన్నా. అదే నా ఖర్మ. ఎవరో పరాయివాడైతే ఈపాటికి క్షమించేసేదాన్ని."

ఆయన ఊపిరి కూడదీసుకుని అతనికేసి చూశారు.

"రేపు నన్ను లోపలికి తీసుకెళ్లాక ఇది బయట ఒక్కతే కూర్చోవాలి. నువ్వూ ఉండు."

మర్నాడు ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకున్నాక అతను వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఆమె అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. వెళ్లిపొమ్మని మాత్రం అనలేదు.