నాందేడ్‌లో క్రీట్ దీవి

షట్టర్ సగం దిగి ఉంది.

సింధు దాని కింది నుంచి దూరబోతోంది. వెనక నుంచి జడ పట్టి లాగారెవరో... తల నేలకు కొట్టుకుంది.

షట్టర్ పూర్తిగా దిగింది. లోపలి నుంచి తాళం పడింది.

"యాడికి పోతవ్? పని ఒడ్వలే గద," అన్నాడు మంగేశ్.

అతని కుడి చేతిలో పిస్తోలు ఉంది.

బయట బజారు ఇంకా నడుస్తూనే ఉంది. చీకటి పడి ఎంతో సేపు కాలేదు. ఆటోల హారన్లు, ఉల్లిపాయల బండివాడి కేక... అన్నీ వినిపిస్తున్నాయి. అరిస్తే వినేవాళ్లు దగ్గరలోనే ఉన్నారు.

పిస్తోలు అంతకంటే దగ్గరగా ఉంది.

అది పెళ్లిళ్ల ఫొటో స్టూడియో. సింధు అందులో ఎడిటర్. గోదావరి వంతెన దాటని జంటలను కూడా పచ్చటి కర్టెన్ ముందు నిలబెట్టి, విదేశీ సముద్రాల ఒడ్డున నడిపించడం ఆమె పని. ఓనరు పెళ్లి షూటింగ్ కోసం ఆదిలాబాద్ వెళ్లాడు. ఈ వారమంతా స్టూడియో ఆమె చేతుల్లోనే ఉంది.

నిన్న మంగేశ్ భార్యతో వచ్చాడు. పెళ్లిరోజు వీడియో కావాలన్నాడు. మధ్యధరా సముద్రంలో క్రీట్ దీవి. మొదట తీరం, తర్వాత కొండలు, చివరకు పాత పట్నం. తీరం, కొండలు నిన్ననే అయిపోయాయి. భార్య మనీష నవ్వమంటే నవ్వింది, చూడమన్న వైపు చూసింది. సిగ్గరి అనుకుంది సింధు.

ఈరోజు మనీష మణికట్టు మీద తాడు ఒరుసుకున్న మచ్చ కనబడింది.

మంగేశ్ ఫోను మాట్లాడుతూ పక్కకు వెళ్లినప్పుడు మనీష గొణిగింది.

"చెల్లే, మేం ఏ దీవికి పోలే. ఈయన జీపు కింద ఒక మనిషి సచ్చిండు. నెత్తురు కడుగుతుంటే నేను చూసిన. రేపు కోర్టుల చెప్పాలె నేను."

అప్పుడే సింధు షట్టర్ వైపు పరుగెత్తింది.

ఇప్పుడు అంతా అర్థమవుతోంది. క్రీట్ టూరుకు వీసాలు ఎప్పుడో వచ్చాయని నిన్న మంగేశే అన్నాడు. రానని మొండికేసింది మనీష. ఆ సంగతి బంధువులందరికీ తెలుసు. ఈరోజు ఆమె క్రీట్‌లో నవ్వుతూ కనిపిస్తే... మొగుడూ పెళ్లాం కలిసిపోయారనుకుంటారు. ఎవరూ వెతకరు. రేపు కోర్టులో సాక్షి ఉండదు.

"పాత పట్నం అయినంక కిన్వట్ పోతం," అన్నాడు మంగేశ్ తాపీగా. "ఆడ అడవి మంచిగుంటది."

"మరి నేను, సేఠ్?"

"జీపుల జాగ ఉంది."

సింధు షట్టర్ తాళం వైపు చూసింది.

"ముందుగాల ఎనక పాత పట్నం పెట్టి, మా బామ్మర్దికి వీడియో కాల్ చేస్త. వాడు నమ్మితే లోకం నమ్ముతది."

మనీష కళ్లలో ఏదో వెలిగింది. కైలాస్! ఆమె తమ్ముడు. రేపు ఆమెను కోర్టుకు తీసుకెళ్తానని మాట ఇచ్చినవాడు.

ల్యాప్‌టాప్‌లో పాత పట్నం వీడియోలు రెండున్నాయి. పాత రేవు, లైట్‌హౌసు... ఒకటి ఎండలో. ఒకటి రాత్రి దీపాల వెలుగులో.

"దీపాలది పెట్టు," అన్నాడు మంగేశ్.

సింధు వేళ్లు ఆగాయి.

నాందేడ్‌లో చీకటి పడితే క్రీట్‌లో పడదు. అక్కడ సూర్యుడు ఇంకా పైనే ఉంటాడు. జర్మనీలో ఉన్న పెళ్లికొడుకులతో రోజూ మాట్లాడే సింధుకు ఆ తేడా కొత్త కాదు. మంగేశ్‌కు మాత్రం షట్టర్ బయట చీకటి అంటే లోకమంతా చీకటే.

ఆమె నోరు మెదపలేదు. దీపాల వీడియో పెట్టింది.

దేవుడికి మొక్కుకోలేదు. భూమి తిరుగుతోంది... ఆమెకు అదొక్కటే ఆధారం. కైలాస్ ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

కాల్ కలిసింది. కైలాస్ డాబా మీద ఉన్నాడు.

"అక్కా, ఎట్లున్నవే?"

"మంచిగున్న."

"ఎనక దీపాలు మస్తున్నయ్..." అతను ఆగాడు. నుదురు ముడిపడింది. "గిప్పుడు ఆడ రాత్రా?"



"రాత్రే," అన్నాడు మంగేశ్.



కైలాస్ అటూ ఇటూ చూశాడు. ఫోను మూతికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"దిమాక్ ఉందా బావా నీకు? ఆడ ఇంక పొద్దు గూకలే. అక్కను కోర్టుల నిలబెట్టే వకీలు చూస్తే ఒక్క నిమిషంల పట్టుకుంటడు."

మనీష ముఖంలోని వెలుగు ఆరిపోయింది.

"జీపు నడిపింది నేను. నువ్వు ఇరుక్కుంటే నేను గూడ పోత," అన్నాడు తమ్ముడు. "ఆ పోరికి ఎరుకే. కావాల్నని పెట్టింది. ఎండది పెట్టిచ్చి, ఆజ్జికి చెయ్. వకీలు ఆమె పక్కనే ఉన్నడు. నేను కిందికి పోతున్న."

తెర నల్లబడింది.

మనీష ఏడవలేదు. తమ్ముడు కనిపించిన చోటే చూస్తూ ఉండిపోయింది.

చెంప మీద దెబ్బ పడింది సింధుకు. చెవిలో హోరు.

ఎండ వీడియో వచ్చింది. నీలాకాశం, రేవు, లైట్‌హౌసు. మంగేశ్ సింధును తన కుర్చీ పక్కన, కెమెరాకు అందకుండా నేల మీద కూలేశాడు. పిస్తోలు మొన ఆమె నడినెత్తిన ఆనింది.

"ఒక్క మాట తప్పినవనుకో..." అన్నాడు భార్యతో. "ఈ పోరి పోతది."

కాల్ కలిసింది.

సుందరబాయి. మనీషను చిన్నప్పటి నుంచి సాకిన నాయనమ్మ, అందరికీ ఆజ్జి. ఒక పక్క వకీలు. వెనక కైలాస్, ఏమీ ఎరగనట్టు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆజ్జికి రెండు చేతులూ జోడించి తల వంచకుండా ఎవరూ మాట మొదలుపెట్టరు. పెళ్లైన నాటి నుంచి మంగేశ్ కూడా ఏనాడూ తప్పలేదు.

"నమస్కారం, ఆజ్జీ."

ఎడమ చేయి మాత్రమే లేచింది.

ముసలమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "అదేంది అల్లుడా, ఒంటి చేత్తో? సముద్రం దాటంగనే పెద్దరికం మర్చినవా? లేకుంటే చెయ్యికేమన్న అయిందా?"

వకీలు ముందుకు వంగి తెరలోకి చూశాడు.

వెనక కైలాస్ రెండు అరచేతులూ కలిపి సైగ చేశాడు... కలుపు, కలుపు.

సింధు నెత్తి మీద ఇనుము బరువు తగ్గింది.

పిస్తోలు మంగేశ్ ఒళ్లోకి దిగింది. రెండు చేతులూ కలిశాయి. అలవాటుగా... తల వంగింది.

సింధు లేచింది. అంతకు ముందే మనీష లేచింది.

ఒకే పిస్తోలు మీద ఆరు చేతులు పడ్డాయి. కుర్చీ తిరగబడింది. మంగేశ్ పళ్లు సింధు మణికట్టులో దిగాయి. ఆమె వదల్లేదు.

ఢాం!

హోరు... ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

మంగేశ్ నేల మీద ఉన్నాడు. పిస్తోలు మనీష రెండు చేతుల్లో ఉంది. మొన అతని ముఖం మీద నుంచి కదలడం లేదు.

సింధు ల్యాప్‌టాప్ వైపు చూసింది.

క్రీట్ దీవి అలాగే ఉంది. ఎండ కాస్తోంది. రేవులో నీళ్లు కదులుతున్నాయి. లైట్‌హౌసు పైన, ఒక్క మబ్బైనా లేని నీలాకాశంలో... గుండ్రటి రంధ్రం. అందులోంచి పచ్చటి కర్టెన్ వెనకున్న పెచ్చులూడిన సున్నం గోడ కనిపిస్తోంది.

చెవుల్లో హోరు తగ్గింది. ఆజ్జి గొంతు వినబడింది, నెమ్మదిగా.

"వకీల్ సాబ్, ఆకాశానికి బొక్క పడ్డది. జర ఆ తలుపు పెట్టుండ్రి... కైలాస్ బయటికి పోతుండు."