మాత్రకు శనివారం తెలియదు

ఆ శనివారం పొద్దున మోహనకు రెండు పొయ్యిలు చాలలేదు. ఒకదాని మీద చక్కెరపొంగలి, ఇంకోదాని మీద పులిహోర పోపు, చంకలో రెండేళ్ళ పాప. తమిళుల పెరటాసి నెలలో ఒక శనివారం స్వామికి తళిగ వేసి, వండినవన్నీ అరిటాకులో నివేదించి, వచ్చినవాళ్ళందరికీ వడ్డించడం వడమాలపేటలోని ఆ ఇంటి ఆనవాయితీ. అది అయ్యేదాకా అత్త సుబ్బులమ్మకు ఒక్కపొద్దు. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు.

మోహన ఒక చేత్తో షుగరు మాత్ర, ఇంకో చేత్తో నీళ్ళ లోటా పట్టుకుని అత్త ముందు నిలబడింది.

"ఈ పొద్దు వద్దులేమే, ఒక్కపొద్దు కదా," అంది సుబ్బులమ్మ అరిటాకులు తుడుస్తూ.

"మాత్రకేం ఒక్కపొద్దు అత్తా? అది అన్నమా, కూరా? మానేస్తే షుగరు ఎక్కి కూసుంటాది. కాలి పుండు మానకుండా ఎంత ఏడిపించిందో మరిసిపోయినావా?"

"నీకు భయం తప్ప ఇంకోటి తెలీదు. పాప తుమ్మితే జరం అంటావు, నేను దగ్గితే ఆస్పత్రి అంటావు."

"అవును, భయమే. మింగు."

కోడలి పోరు పడలేక సుబ్బులమ్మ మింగింది. మోహన ఆమె నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసి వదిలింది. తొమ్మిదో తరగతిలో ఉండగానే బడి మాన్పించారు తనని. అందుకే డాక్టరు చెప్పిన ప్రతి మాటా ఆమెకు పాఠమే. మాత్ర మానకూడదన్న మాటను మాత్రం మరీ గట్టిగా పట్టుకుంది.

గోవిందలు పలకాల్సిన జట్టు ఊరంతా తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. వీధిలో పెద్దావిడ దేవకమ్మ గొంతెత్తింది. ఇల్లంతా "గోవిందా" అని మారుమోగింది. కర్పూరం ఇంకా వెలిగించనే లేదు, పటం ముందు నిలబడ్డ సుబ్బులమ్మ మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. చేతులు వణుకుతున్నాయి. రవిక చెమటతో తడిసి ముద్దయింది.

"స్వామి వచ్చినాడు, సుబ్బులు మీదికి స్వామి వచ్చినాడు," అంది దేవకమ్మ. జనం గుమ్మం దాకా కమ్ముకున్నారు. మోహన భర్త మునికృష్ణ కన్నతల్లికే చేతులు జోడించి నిలబడ్డాడు.

దేవకమ్మ ఆలస్యం చేయలేదు. "స్వామీ, మా పిల్లోడు పెంచలయ్యకి పెండ్లి ఎప్పుడయితాదో సెప్పు తండ్రీ."

"పెండ్లీ లేదు, గిండ్లీ లేదు," అంది సుబ్బులమ్మ నాలుక మడతపడుతుంటే. "వాడికి ఎవురిస్తారు పిల్లని? పో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. దేవకమ్మ ముఖం మాడిపోయింది. మోహనకూ నవ్వొచ్చేదే. కానీ అంతలో పాప "అవ్వా" అని చేతులు చాచింది. సుబ్బులమ్మ ఆ బిడ్డను ఎగాదిగా చూసి, "ఎవురి బిడ్డ ఇది?" అంది.

 అత్త ఆ పాపను తన పక్కలోంచి కదలనివ్వని మనిషి. అప్పుడు మోహనకు గుర్తొచ్చింది డాక్టరు చెప్పిన రెండో మాట, మొదటిదాన్నే పట్టుకుని తను మరిచిపోయిన మాట: మాత్ర వేసుకుంటే తినాలి. తినకపోతే వణుకు, చెమట, మాట తడబాటు. వెంటనే ఏదైనా తియ్యటిది ఇవ్వాలి.

వంటింటి దారికి జనం అడ్డం. ఎదురుగా పటం ముందు బెల్లం పానకం చెంబు. మోహన దాన్ని ఎత్తుకుంది.

దేవకమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నివేదన కాలేదు. ఎంగిలి చేస్తావా? ఎంత అపచారమే."

"మోహనా, స్వామి ఉండాడు ఆడ," అన్నాడు మునికృష్ణ.

"స్వామి కాదు, పొద్దున నేనిచ్చిన మాత్ర," అంది మోహన. "రక్తంలో చక్కెర దించడమే దాని పని. అత్త తిన్నదా లేదా దానికి తెలీదు, శనివారమనీ తెలీదు. తిన్నది లేకపోతే ఒంట్లో ఉండేదాన్నే దించేస్తా పోతాది. చెయ్యి వదులు అవ్వా, అత్త పోతే స్వామి తెచ్చిస్తాడా?"

దేవకమ్మ వదిలేసింది. మోహన అత్తను కూర్చోబెట్టి, మింగుతోందో లేదో చూసుకుంటూ గుక్కగుక్కగా తాగించింది. గోవిందలు ఆగిపోయాయి. కాసేపటికి వణుకు తగ్గింది. సుబ్బులమ్మ కళ్ళు నిలిపి చూసింది.

"పానకంలో మిరియాలు ఎక్కువైనాయి," అంది. తర్వాత ఖాళీ చెంబు, ముట్టించని కర్పూరం చూసింది. "ఎవురే తాపించింది?"

"నేనే అత్తా. మాత్ర మింగించిందీ నేనే," అని మోహన బావురుమంది.

ఏడుస్తూనే పొంగలి తినిపించి, మునికృష్ణతో కలిసి అత్తను పుత్తూరు డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళింది. ఈ మాత్ర పని దినమంతా ఉంటుందని, చక్కెర మళ్ళీ పడిపోవచ్చని ఆయన సాయంత్రందాకా కదలనివ్వలేదు.

"పొట్టలో కరిగి రక్తంలో కలుస్తుందమ్మా. చక్కెర దించే ఇన్సులిన్‌ను ఇంకా ఊరించమని ఒంటిని తరుముతూనే ఉంటుంది. మందంటే మాత్ర ఒక్కటే కాదు. ఎంత, ఎప్పుడు, తిన్నాకా తినకముందా, అన్నీ కలిస్తేనే మందు. ఒక్కపొద్దు ఉండాలంటే ముందు నన్ను అడగండి."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మోహన తలెత్తలేదు. సుబ్బులమ్మే ఆమె తల మీద చెయ్యి వేసింది.

"ఏడవబాక. ఇన్నేండ్లుగా స్వామికి వండి పెడతా ఉండాను, నా మాట ఆయన దగ్గిర చెల్లదా? నేను సెప్పుకుంటాలే. మా అమ్మ పోయినాక నా నోరు తెరిపించి చూసినోళ్ళు ఎవురూ లేరు మే, నువ్వు తప్ప."

మునికృష్ణ మొహం పక్కకు తిప్పుకుని వీధి చూస్తున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

ఎంగిలైన తళిగ మళ్ళీ వేయాలని సుబ్బులమ్మ పట్టుబట్టింది. మరుసటి శనివారం మంచు విడవకముందే వాళ్ళింట్లో కర్పూరం వెలిగింది. దేవకమ్మ వగరుస్తూ వచ్చింది.

"ఇంత పొద్దున్నే తళిగేంది సుబ్బులూ?"

"స్వామికి ఈ మధ్య పొద్దున్నే ఆకలవుతా ఉండాదంట అక్కా."

"మరి మా పెంచలయ్య పెండ్లి సంగతి?"

"ఆ మాట నాదీ కాదు, స్వామిదీ కాదు. షుగరు దిగి వచ్చిన మాట. నువ్వు సంబంధాలు చూసుకోపో."

ఆకులో పొంగలి తిన్నాక సుబ్బులమ్మ ఎడమ చెయ్యి చాపింది. మోహన మాత్ర పెట్టింది. ఆమె మింగి, ఎవరూ అడగకుండానే కోడలి వైపు తిరిగి, పాపలాగా "ఆ" అని నోరు తెరిచింది.