కొసమాటలో మూడో లైను

ఆ ఇంట్లో పొద్దున టీ పోయడమంటే పరీక్ష పెట్టడమే. పెట్టేది ఇల్లాలు, రాసేది ఇంటాయన. ఆయన పేపరు మడిచి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఆనాటి వార్త మీద ఒక మాట విసురుతాడు. ఆవిడ నవ్విందంటే మాట బాగున్నట్టు. కప్పులోకి వంపుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగిందంటే మాట నిజమైనట్టు. ఇరవై ఎనిమిదేళ్ళపాటు పేపరు మొదటి పేజీ అడుగున 'కొసమాట' అనే చిన్న డబ్బాలో అచ్చయినవన్నీ ఈ బల్ల మీద పరీక్ష రాసి వెళ్ళినవే. ఆయన రిటైరై ఆరేళ్ళయింది, పేపర్లో ఆ డబ్బా కూడా మూసేశారు. పరీక్ష మాత్రం ఆగలేదు.

"కొత్త వంతెన ప్రారంభించారట," అన్నాడాయన. "ఇంకో వారం దాని మీద ఎవరూ నడవకండి. ఉపన్యాసాల బరువుకే అలిసిపోయి ఉంటుంది."

ఆవిడ నవ్వింది. చెయ్యి ఆగలేదు.

"పాసు మార్కులే," అంది.

మేడ మీద నుంచి కూతురు దిగివచ్చింది. వీధి మొదట్లో మందుల షాపు ఆమెదే. భర్త దూరప్రాంతాల బస్సు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఆమె చేతిలో రోజూ ఉండే షాపు తాళాలకు బదులు ఒక కాగితం ఉంది. దాన్ని తండ్రి కప్పు పక్కన పెట్టి, గాలికి ఎగరకుండా చక్కెర డబ్బా బరువు పెట్టింది.

"ఇవాళ మూడింటికి గడువు నాన్నా. వార్డులో ఓటున్నవాళ్ళు పదిమంది సంతకం పెట్టాలి. తొమ్మిదయ్యాయి."

అది వార్డు సభ్యురాలిగా నిలబడడానికి నామినేషను పత్రం. ఆమె నిలబడతానని నెల రోజులుగా అంటూనే ఉంది. ఆయన దాన్ని జ్వరం లాంటిది అనుకున్నాడు, అదే తగ్గుతుందని. కళ్ళద్దాలు కిందికి దించి సంతకాలు చూశాడు. మొదటి సంతకం దగ్గరే చూపు ఆగిపోయింది.

"నువ్వు కూడానా?" అన్నాడు భార్యతో.

"నేను ముందు," అంది ఆవిడ, కెటిలు మూత సర్దుతూ.

ఆయనకు అంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ వీధి చివర పంపుహౌసు గోడ చూడాలి. తెల్లసున్నం మీద నీలం అక్షరాలతో, మనిషంత ఎత్తున, ఆయన మాట రాసి ఉంటుంది.

రాజకీయం మురిక్కాలువ.
దిగినవాడు తెల్లబట్టలతో బయటికి రాడు.

ముప్ఫై ఏళ్ళ కిందట ఒక గురువారం అచ్చయిన మాట అది. ఊరంతా దాన్ని నోటికి పట్టేసింది. బడిలో మాస్టార్లు చెప్పారు, కూరగాయల బండి దగ్గర వాదనలు దానితోనే ముగిశాయి. 'కొసమాటాయన ఏమన్నాడు?' అని ఒకరు అడిగితే పదిమంది కలిసి అప్పజెప్పేవారు. ఏటా ఎవరో పుణ్యాత్ములు గోడకు సున్నం కొట్టించి, అక్షరాలకు కొత్త రంగు వేయిస్తుంటారు. ఆ గోడ పక్కనుంచి నడిచేటప్పుడు ఆయన మెడ తనకు తెలియకుండానే రెండంగుళాలు పొడుగయ్యేది. పాపం, ఆయన గర్వమంతా ఆ రెండంగుళాలే.

"నేను రాసిన మాటను నా సంతకంతోనే కొట్టెయ్యమంటావా అమ్మాయ్?" అన్నాడు. "రేపు జనం నవ్వరూ?"

"నవ్వించడమేగా నాన్నా నీ పని."

"హాస్యం వద్దు."

"సరే, వద్దు." కూతురు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నిన్న, మొన్న కలిపి ముప్ఫై ఒక్క ఇళ్ళకు వెళ్ళాను. అందరూ కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. కాలువ నీళ్ళు తాగునీళ్ళలో కలుస్తున్నాయంటే అవునమ్మా, అవునన్నారు. సంతకం అనగానే మాత్రం నీ మాట చెప్పారు. కుట్టుమిషనాయన చెప్పాడు, లెక్కల టీచరు చెప్పింది, సెలూనాయన కత్తెర పక్కనపెట్టి మరీ చెప్పాడు. ఏ తలుపు తట్టినా నువ్వే తీశావు నాన్నా, నువ్వే వేశావు."

"మరి ఈ తొమ్మిది?"

"అమ్మది, మీ అల్లుడిది. మిగతా ఏడుగురూ మన పేపరు చదవనివాళ్ళు."

తల్లికి నవ్వొచ్చింది గానీ పెదవి కొరికి ఆపుకుంది.

"పోయిన వానల్లో ఒక్క నెలలో విరేచనాలు తగ్గే మందు పొట్లాలు నాలుగు వందలు అమ్మాను," అంది కూతురు. "వ్యాపారం బాగుందని సంతోషించాలా? కుట్టుమిషనాయన మనవరాలు నా షాపు మెట్ల మీదే కళ్ళు తేలేసింది. బతికింది, అది వేరే మాట. ఆ కాలువ కాంట్రాక్టు ఎవరిదో, వార్డు సభ్యుడు ఎవరో అందరికీ తెలుసు, ఇద్దరూ ఒక్కడే. రెండుసార్లు ఏకగ్రీవం. ఎదురు నిలబడేవాళ్ళే లేరు. నీ మాటలు చదివి వాళ్ళు మారారనుకుంటున్నావు. వాళ్ళు మారలేదు. మనమే ఇళ్ళలో కూర్చున్నాం."

ఆయన కప్పు పక్కకు నెట్టాడు. టీ తొణికి పత్రం అంచు తడిసింది.

"నిన్ను అనరాని మాటలంటారు. గోడల మీద నీ పేరు రాస్తారు. నీ బట్టల మీద ఒక్క మచ్చ పడినా నేను చూడలేనమ్మా. దానికి నన్ను తిట్టుకో, పరవాలేదు. సంతకం మాత్రం అడక్కు."

"ఆ మాటకు ఇంకో లైను ఉండేదటగా? అమ్మ చెప్పింది."

"ఉండేది. ఆ రోజు కింద సబ్బు ప్రకటన పెద్దదొచ్చింది. డబ్బాలో చోటు లేక తీసేశారు."

"మర్నాడు వేయొచ్చుగా?"

ఆయన లేచాడు. "నాకు గడ్డం పనుంది," అని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

సెలూన్లో పక్క కుర్చీలో వార్డు సభ్యుడే కూర్చుని ఉన్నాడు, జుట్టుకు రంగు పట్టించుకుని, ఆరేదాకా పనేమీ లేకుండా. ఆయన్ని చూడగానే లేవబోయాడు.

"కూర్చోవయ్యా, రంగు కారుతుంది," అన్నాడు కొసమాటాయన.

సెలూనాయన ఆయన చెంపలకు నురగ పట్టించాడు. ఎడమ చెంప గీకడం అయిందో లేదో, వార్డు సభ్యుడు అద్దంలోంచే పలకరించాడు.

"ఈసారి నీలం కాస్త ముదురు వేయించాను గురువుగారూ. ఎలా ఉంది?"

"ఏం నీలం?"

"గోడ మీద అక్షరాలకండీ. మీ మాటకు."

"ఆ రంగు వేయిస్తున్నది నువ్వా?"

"పన్నెండేళ్ళ నుంచీ నేనే కదా! ఒక్క ఏడు కూడా తప్పలేదు." అతను ప్రేమగానే నవ్వాడు. "అప్పట్లో మా వాళ్ళు చెరిపేద్దామన్నారు. పిచ్చోళ్ళు! ఆ గోడ చూశాక మర్యాదస్తుడెవడైనా నామినేషను మాటెత్తుతాడా? మీరు నన్ను తిట్టాననుకున్నారు గానీ, నాకు కాపలా పెట్టారండీ. మీ రుణం తీర్చుకోలేను. అమ్మాయిగారు ఏదో హడావిడి పడుతున్నారని విన్నాను. మీరే ఒకసారి ఆ గోడ దాకా నడిపించండి, సరిపోతుంది."

సెలూనాయన చేతిలో కత్తి గాల్లోనే ఆగింది. అద్దం పైన, తన సొంత ఖర్చుతో ఫ్రేము కట్టించి పెట్టుకున్నది కూడా ఆ మాటే.

కొసమాటాయన లేచాడు. మెడ చుట్టూ కట్టిన గుడ్డతోనే, కుడి చెంప నిండా నురగతోనే వీధిలోకి వచ్చాడు. ఎవరో నమస్కారం పెట్టారు, ఆయనకు కనపడలేదు. పంపుహౌసు దగ్గర కాలువ పొంగి దారిలోకి వచ్చింది. ఎవరో వేసిన ఇటుకల మీద కాలు పెడుతూ గోడ ముందుకు వెళ్ళి, ఆ రెండు లైన్లను పరాయివాడు రాసినట్టు చదివాడు. కింద తెల్లగా, ఇంకో లైను పట్టేంత చోటు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఉంది. ఆ మెడ ఈసారి పొడుగవలేదు.

ఇంటికొచ్చేసరికి తల్లీకూతుళ్ళు తడిసిన పత్రాన్ని ఆరబెడుతున్నారు. ఆయన వాలకం చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"సబ్బు ప్రకటన రాలేదు," అన్నాడాయన గుమ్మంలోనే. "ఆ రోజు ఏ ప్రకటనా లేదు. మూడో లైను నేనే కొట్టేశాను."

ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"రెండు లైన్లకు ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. మూడోది చదివితే నవ్వు ఆగిపోయేది. నాకు నవ్వే కావాలనిపించింది." ఆయన కళ్ళు నిండాయి. "నా నవ్వు కోసం ఊరికి సగం మాటే ఇచ్చానే. ఆ సగాన్ని వాడు రంగులేసి మరీ కాపాడుకుంటున్నాడు."

భార్య దగ్గరికొచ్చి, తన కొంగుతో ఆయన చెంప మీది నురగ మెల్లగా తుడిచింది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఆనాటి పేపరు నేను వంటింటి అలమరలో పరిచాను. మూడో లైను ఉండాల్సిన చోట ఒక పువ్వు బొమ్మ వేశారు, ఖాళీ కనపడకుండా. పేపరు పాతదై చిరిగేదాకా చక్కెర తీసిన ప్రతిసారీ ఆ పువ్వు కనిపించేది. సబ్బు మీద నెపం వేసి ముప్ఫై ఏళ్ళు నెట్టుకొచ్చారు. చివరికి సబ్బుతోనే దొరికారు."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని. ఆ పొద్దున నా చెయ్యి ఆగింది మూడో లైనుకు. మీరు మాత్రం రెండో లైనుకు వచ్చిన నవ్వును మోసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయారు."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె కోపం ఎప్పుడో పోయింది.

"ఆ లైను ఏంటి నాన్నా? నాకు సరిగ్గా చెప్పనేలేదు ఎవరూ."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ దిగకపోతే, అది మన గుమ్మంలోకి వస్తుంది."

తర్వాత పెన్ను అందుకుని, పదో గడిలో, పేపరు వాళ్ళ చెక్కుల మీద కూడా ఎన్నడూ పెట్టనంత శ్రద్ధగా, నిదానంగా సంతకం పెట్టాడు. "మచ్చలు పడతాయమ్మా," అన్నాడు. "పడనీ. ఉతుక్కుందాం. నేనూ ఉతుకుతాను."

కూతురు తండ్రి భుజానికి తల ఆన్చి ఏడ్చేసింది. అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. సెలూనాయన, చేతిలో గిన్నె, బ్రష్షు.

"సార్, సగం గడ్డం మిగిలిపోయింది," అన్నాడు వగరుస్తూ. తర్వాత కూతురి వంక చూడలేక నేల వంక చూశాడు. "అద్దం మీది ఫ్రేము తీసేశానమ్మా. మొన్న నేను తప్పుగా మాట్లాడాను. ఇంకా టైముంటే... నా సంతకం కూడా పెడదామని."

"పది చాలటోయ్," అన్నాడు కొసమాటాయన. "పదీ అయ్యాయి. ఇక కాగితంలో చోటు లేదు."

"ఏమండీ," అంది భార్య. మళ్ళీ కప్పులోకి టీ వంపుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. "చోటు లేదన్న మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ అనకండి."

ఆయన ఒక్క క్షణం ఆ చేతివంకే చూశాడు. తర్వాత పత్రాన్ని సెలూనాయన ముందుకు జరిపి, సంతకాల కింద టీ మరక ఆరిన అంచును వేలితో చూపించి, పెన్ను ఇచ్చాడు.