మూడు మిణుకులకు లాగని తాడు

మార్కాపురంలో పలకలకు కొదవ లేదు గానీ, గజపతి ఇంటి పాత గోడ కూల్చినప్పుడు దొరికిన పలక బడి ముఖం చూసినది కాదు. దాని మీద ఇనుప మేకుతో గీసిన ఒక వాగు, వాగు పక్కన ఏనుగు తలలాంటి బండ, బండ కింద బిలం, బిలం అడుగున ఒక కుండ ఉన్నాయి. అక్షరం ముక్క లేదు. పలకని పలక. గజపతితో మాత్రం అది గడగడా మాట్లాడింది. నల్లమలలో పాలెగాడు దాచిన బంగారం తన ముత్తాతలదట. ముత్తాతలది కనుక తనదట.

తోడు రమ్మని బామ్మర్దికి కబురు పెట్టాడు. బామ్మర్ది పరంజ్యోతికి బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ షాపు ఉంది. అతనికి బంగారం మీద నమ్మకం లేదు, బావ మీద అంతకన్నా లేదు. కానీ అక్క కామేశ్వరి షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, ఒకే మాట అంది.

"ఆయన ఆగడు రా. నువ్వు కూడా పో. కుండ వచ్చినా రాకపోయినా మనిషిని తీసుకురా."

బయలుదేరే ముందే లైటు దగ్గర తగువు పడింది. గజపతి మూడు కిలోల సెర్చిలైటు మోసుకొచ్చాడు.

"ఇది వేశానంటే పులి కూడా నల్లద్దాలు కొనుక్కోవాల."

"పులి సంగతి సరే బావా. బిలంలో దిగేటప్పుడు చేతులు రెండూ తాడు మీదుండాల. దీన్నెవరు పట్టుకుంటారు, పులా? లైటంటే నీకు దారి చూపిస్తే సరిపోదు. నువ్వెక్కడున్నావో పైనున్నోళ్ళకి చూపించాల."

మూడు రోజులుగా పరంజ్యోతి షాపులోని చిన్న లైట్లన్నిటికీ పరీక్షలు పెడుతున్నాడు. బకెట్ నీళ్ళలో ముంచి ఉంచాడు. డాబా మీద నుంచి కింద పడేశాడు. చేతులకు ఆముదం రాసుకుని స్విచ్చులు తిప్పాడు. మీట నొక్కే రకాలన్నీ సంచిలో వాటంతట అవే నొక్కుకుని బ్యాటరీ తాగేస్తున్నాయని పక్కన పెట్టేశాడు. పదకొండింటిలో ఒక్క రకం పాసయింది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, నారింజ రంగు, చొక్కాకు తగిలించే క్లిప్పు, బొటనవేలితో తిప్పే మర. ఒక తిప్పు తిప్పితే నిలకడగా వెలుగుతుంది, ఇంకో తిప్పుకు ఆరుతుంది. అలాంటివి రెండు తీసుకున్నాడు.

గజపతి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "ఇది లైటా, మిణుగురు పురుగా?"

"దీన్ని మాత్రం లైట్ తీసుకోకు బావా," అన్నాడు పరంజ్యోతి, దాన్ని బావ భుజానికి తగిలిస్తూ. "ఇది లేకుండా నువ్వు దిగవు. దిగితే నేను రాను. నేను రాకపోతే మా అక్క నిన్ను వాకిలి దాటనివ్వదు."

ఆ చివరి మాటకు గజపతి లొంగాడు. సెర్చిలైటును మాత్రం వదల్లేదు.

తెల్లారేసరికి చెంచుగూడెం నుంచి అంకన్న వారికి తోడయ్యాడు. తేనె కోసం కొండచరియల మీద ముప్పై ఏళ్ళుగా వేలాడిన మనిషి. నిలువెత్తు బోదగడ్డిలోంచి, వెదురు పొదల్లోంచి, కాళ్ళ కింద జారే పలకరాళ్ళ మీదుగా ముగ్గురూ నడిచారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి వాగు హోరు వినిపించింది. హోరు పక్కనే ఏనుగు తల. బండ కింద నల్లగా నోరు తెరిచిన బిలం. వాగులోంచి చీలిన ఒక పాయ ఆ నోట్లోకి దూకుతోంది. అరిస్తే తప్ప పక్కనున్న మనిషి మాట పక్కనున్న మనిషికి అందడం లేదు.

అంకన్న నైలాన్ తాడును మద్దిచెట్టుకు రెండు చుట్లు చుట్టి, బండ అంచున గోనెపట్టా పరిచి, రెండో కొసను గజపతి నడుముకు బిగించాడు. తర్వాత చేతులు దులుపుకుని దూరంగా జరిగాడు.

"తాడు పట్టు అంకన్నా," అని అరిచాడు గజపతి.

"ముందు నేను పట్టను సామీ. తేనెకి దిగేటోడి తాడు పెళ్ళాం తోడబుట్టినోడే పట్టాల. మా కాడ అదే లెక్క. ఈ తాడు జారితే ఎవురి తాళి తెగుద్దో ఆయనకి తెలుసు. ఆయన ముందు, నేను ఎనక."

పరంజ్యోతి తాడు అందుకున్నాడు. ఒక మిణుకంటే వదులు, రెండంటే ఆగు, మూడంటే లాగు. బావ చేత మూడుసార్లు వల్లె వేయించాడు.

గజపతి దిగాడు. పది అడుగులు దిగాడో లేదో, సెర్చిలైటు బండకు కొట్టుకుని పగిలి చీకట్లో పడిపోయింది. ఇక దాన్నే సెర్చి చెయ్యాలి. కింద మిగిలింది ఒక్క నారింజ చుక్క. ఒక మిణుకు. కాసేపటికి ఇంకొకటి. నలభై అడుగుల లోతున చుక్క ఆగి, పక్కకు జరిగి, గోడ దగ్గర కదలకుండా నిలిచింది.

అంకన్న పరంజ్యోతి భుజం తట్టి పైకి చూపించాడు. ఎగువ కొండ మీద మబ్బు కమ్ముకుంది. వాగు రంగు మారుతోంది.

కింద మూడు మిణుకులు.

పరంజ్యోతి లాగాడు. నాలుగు బారలు తేలిగ్గా వచ్చేసింది. తొంభై కిలోల బావ ఇంత తేలికా? బోర్లా పడుకుని తొంగి చూశాడు. తాడు పైకి వస్తోంది. చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది.

"కుండ కట్టాడు," అన్నాడు, పళ్ళు బిగించి. లాగిన తాడంతా తిరిగి లోపలికి వదిలేశాడు.

కింద కోపంగా మూడు మిణుకులు. పరంజ్యోతి తన లైటుతో రెండు. మళ్ళీ మూడు. మళ్ళీ రెండు. ఇంట్లో పండగ భోజనాల దగ్గర ఇరవై ఏళ్ళుగా నోటితో పడుతున్న తగువు ఇప్పుడు వెలుగుతో పడుతున్నారు.

చుక్క కింద ఇంకో చుక్క పుట్టింది. అడుగున చేరుతున్న నీళ్ళలో దాని నీడ. రెంటి మధ్య మనిషంత ఎడముంది. చూస్తుండగా అది మూరెడయింది.

"ఒక్కసారికే టైముంది సామీ," అన్నాడు అంకన్న చెవిలో. "కుండో, మనిషో."

"కుండను లాగను. ఆయన తలకిందులుగా మిణికినా లాగను."

రెండు చుక్కలూ కలిసిపోయాయి. నీళ్ళ అడుగున నారింజ వెలుగు పచ్చగా చెదిరి వణికింది. అంతలో వెలుగు ఉబికి పైకి తేలి, మూడుసార్లు మిణికింది. ఈసారి తాడు రాయిలా బరువెక్కింది.

పరంజ్యోతి ముందు, అంకన్న వెనక. అరచేతుల తోలు లేచింది. చుక్క ఎక్కింది, ఎక్కింది, పది అడుగుల దూరంలో ఆగిపోయింది. గజపతి గోడకు కాలు తన్నడం లేదు. పరంజ్యోతి కాలరుకున్న లైటు వెలుగులో కనిపించాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు కుండను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

"వదులు బావా," అని అరిచాడు పరంజ్యోతి.

"నువ్వు తాడొదులు. నేను దీన్నొదలను."

"తాడొదలను. నువ్వు దాన్నొదిలేదాకా లాగనూ లాగను."

తడిసిన బండ మీద పరంజ్యోతి మోకాళ్ళు జారాయి. మట్టి, గులకరాళ్ళు గజపతి ముఖాన రాలాయి. తల ఎత్తి చూశాడు. అంచు మీద ముందు బామ్మర్ది తల, తర్వాత భుజాలు, ఇప్పుడు ఛాతీ.

"ఒరేయ్, ఎనక్కి పోరా. పడతావు."

"పోను."

"అంకన్నా, వీణ్ణి ఎనక్కి లాగు."

"పోనన్నానా."

గజపతి నోరు తెరిచి ఏదో తిట్టబోయాడు. చేతులు విడిపోయాయి. కుండ గోడకు తగిలి పగిలిన చప్పుడు కూడా నీళ్ళ హోరులో వినిపించలేదు. మరుక్షణం అతని కాళ్ళు బండను తన్నిపట్టాయి, చేతులు తాడును పట్టాయి. ఆ కొస నుంచి అతను ఎగబాకాడు, ఈ కొస నుంచి ఇద్దరూ లాగారు.

తిరుగుదారిలో గజపతి ముందు నడిచాడు, వెనక్కి చూడలేదు. వెదురు పొదలు దాటాక అన్నాడు.

"అందులో బంగారముందిరా. చేత్తో తడిమి చూశా."

"ఉండనీ."

"ఎండాకాలం మళ్ళీ వస్తా. నిన్ను మాత్రం పిలవను."

"పిలవకపోయినా వస్తా. కుండ కడితే అప్పుడూ లాగను."

దిగువన వాగు అడ్డొచ్చింది. పొద్దున మడమ తడిసిన చోట ఇప్పుడు నడుముదాకా ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. అంకన్న ముందు దిగి కర్రతో లోతు చూశాడు. గజపతి ఒడ్డునే ఆగాడు. బామ్మర్ది వైపు చూడకుండానే, చెయ్యి వెనక్కి చాపాడు.

తోలు లేచిన అరచెయ్యి దానిలో పడగానే పరంజ్యోతి మొహం చిట్లించాడు.

"నొప్పా?"

"ఆఁ."

"నొప్పయినా వదలబాకు," అని గజపతి నీళ్ళలోకి దిగాడు.